ఒడ్డున లేని పడవ

హిమజకి ఆ మాటంటే ఒళ్ళు మంట. అన్‌డిఫైన్డ్. దిబ్బలపాలెం హార్బరులో, చేపల వేలం షెడ్డు గోడకి బిగించిన పెద్ద తెర మీద, పడవల పేర్ల పక్కన, తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట రోజూ ఎక్కడో ఒకచోట పళ్ళికిలిస్తూ కనపడేది.

తెర పని చాలా చిన్నది. ఎడమ పక్క పడవ పేరు, కుడి పక్క ఆ పడవ ఇప్పుడెక్కడుందో. ప్రతి పడవలోనూ అరచేతంత పెట్టె ఒకటి బిగించారు. పడవ ఉన్న చోటునీ, వెళుతున్న వేగాన్నీ అది ఎప్పటికప్పుడు ఒడ్డుకి కబురుగా పంపుతుంది. హిమజ రాసిన ప్రోగ్రాం ఆ కబురు విప్పి తెర మీద చూపిస్తుంది. వేటకెళ్ళినవాళ్ళ ఆడవాళ్ళు షెడ్డులో గంపలు దించుకుని, తలెత్తి, తమ పడవ ఎక్కడుందో చూసుకుంటారు. చదువు రానివాళ్ళు పక్కవాళ్ళ చేత చదివించుకుంటారు.

పెట్టెలు నాసిరకానివి. వాటిని కొన్న పెద్దమనుషులెవరూ వాటిని నమ్ముకుని సముద్రం మీదికి వెళ్ళరు కాబట్టి అవి అలాగే ఉంటాయి. ఆన్ చెయ్యగానే కాసేపు సగం సగం కబుర్లు పంపేవి. చోటు చెబితే వేగం చెప్పవు. ఆ చోటైనా నిన్నటిదో మొన్నటిదో. ఒక్కోసారి పడవ పేరు తప్ప ఏమీ ఉండదు. ఆమె ప్రోగ్రాం రాసిన జావాస్క్రిప్ట్ భాషకి మొహమాటం లేదు. రాని విలువని చూపించమంటే అన్‌డిఫైన్డ్ అని రాసి ఊరుకుంటుంది. ఇక్కడేముందో నాకెవరూ చెప్పలేదు అని దానర్థం. నిజాయితీ గల మాటే. కానీ నిజాయితీ గల మాటకి మన ఆఫీసుల్లో ఏపాటి మర్యాద జరుగుతుందో అందరికీ తెలిసిందే.

హార్బరు ఆఫీసరు ఫోన్ చేశాడు. "ఏంటమ్మా ఆ బూతు? అందరూ నవ్వుతున్నారు. వచ్చే వారం పైనుంచి పెద్దవాళ్ళు చూడ్డానికొస్తున్నారు. ఆ మాట మాత్రం కనపడకూడదు."

హిమజ ఖలందర్ మాస్టారి శిష్యురాలు. మాస్టారు ఎక్కడెక్కడో పెద్ద కంపెనీల్లో ప్రోగ్రాములు రాసి, గడ్డం నెరిశాక దిబ్బలపాలెం వచ్చి, ఐస్ ఫ్యాక్టరీ మేడమీది గదిలో నలుగురైదుగురికి విద్య నేర్పుతున్నారు. ఆయన పాఠం చెప్పగా విన్నవాళ్ళు లేరు. ఎవరైనా ప్రోగ్రాం రాసి ఎక్కడో తేడా కొడుతోందని తీసుకొస్తే, పక్కన కూర్చుని, "ఇది నాకు చదివి వినిపించు" అంటారు. చదువుతూ చదువుతూ సగంలో వాళ్ళే నాలిక్కరుచుకుంటారు. తెర పని మత్స్యకారుల సంఘం మాస్టారికి అప్పగిస్తే, ఆయన దాన్ని హిమజ చేతిలో పెట్టారు. ఉన్నవాళ్ళలో ఆమే చురుకైనది. ఆ సంగతి ఆమెకి కూడా తెలుసు.

ఆఫీసరు ఫోన్ చేసినప్పుడు మాస్టారు ఊళ్ళో లేరు. దర్గా ఉరుసుకని వెళ్ళారు. ఉన్నా అడిగేది కాదేమో. ఇంత చిన్న పనికి ఆయన్నెందుకు కదిలించడం?

ఆమె బాగానే ఆలోచించింది. వేగం చెప్పని కబురు సగం ఉడికిన కబురు, అందులోని చోటుని నమ్మడానికి లేదు. సగం కబుర్లు ఎక్కువగా ఎప్పుడొస్తాయి? పెట్టె ఆన్ చేసినప్పుడు. పెట్టె ఎక్కడ ఆన్ చేస్తారు? హార్బరులో, బయల్దేరే ముందు. అంటే వేగం లేని కబురు పంపిన పడవ హార్బరులోనే ఉన్నట్టు. అసలు కబురే రాని పడవ కూడా పెట్టె కట్టేసి హార్బరులోనే ఉన్నట్టు. ఇంత సూటిగా ఉంది లెక్క. ఒకే ఒక్క వరుస రాసింది. వేగం లేకపోతే, వచ్చిన చోటుని పక్కన పెట్టి, ఆ పడవ సొంత హార్బరు పేరు వెయ్యి.

రాసి ఊరుకోలేదు, జెట్టీ మీదికి వెళ్ళి పరీక్షించింది. కట్టేసి ఉన్న పడవల పేర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ, సెల్లులో తెరతో పోల్చుకుంటూ నడిచింది. తెర మీద హార్బరు అని ఉన్న పడవలు హార్బరులోనే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి తేడా లేదు.

తెర అద్దంలా అయింది. ఇంగ్లీషు బూతు మాయమైంది. పైనుంచి వచ్చిన పెద్దవాళ్ళు దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఆఫీసరు హిమజని పిలిచి వాళ్ళకి చూపించాడు. సంఘం వాళ్ళు శాలువా కప్పారు. శాలువా ఇంట్లో బీరువాలో పెట్టింది గానీ, ఆ ఒక్క వరుసని మాత్రం మాస్టారికి ఎప్పుడెప్పుడు చూపిద్దామా అని మనసు పీకుతూనే ఉంది.

గురువారం పొద్దున మాస్టారు వచ్చారు. ఉరుసు నుంచి తెచ్చిన మలీదా ప్రసాదం పొట్లం విప్పి అందరికీ తలా కాస్త పెట్టారు. హిమజ ఆగలేకపోయింది. లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇప్పుడు తెర మీద ఒక్క ఖాళీ లేదు మాస్టారూ. ఒక్కటి కూడా."

మాస్టారు చేతులు తుడుచుకుని పక్కన కూర్చున్నారు. "ఏదీ, చదివి వినిపించు."

హిమజ గొంతు సవరించుకుంది. చదవడం మొదలుపెట్టకముందే మెట్ల మీద ఎవరో దబదబా ఎక్కి వస్తున్న చప్పుడైంది.

వచ్చినావిడ గుమ్మంలో నిలబడింది. చేపల నీచు అంటిన చీర, ముడి ఊడిపోయిన జుట్టు. నిద్రలేని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె పేరు ఎర్రమ్మ. వేలం షెడ్డులో అందరికీ తెలిసిన మనిషే. ఆమె మొగుడు పోలయ్య బంగారమ్మ తల్లి అనే పడవ నడిపే సరంగు.

"ఈడేనా ఆ టీవీ నడిపేది?"

"ఇక్కడే పిన్నీ, నేనే," అంది హిమజ లేచి నిలబడి.

"అయితే నా మొగుణ్ణి సూపించు."

హిమజకి అర్థం కాలేదు.

"సోమారం రావాల. ఇయ్యాల బేస్తారం. టీవీలో సూస్తే ఒడ్డునే ఉన్నాదంట పడవ. సోమారం నుంచీ ఒడ్డునే ఉన్నాదంట. నానెల్లి సూస్తే పడవ నేదు. ఆఫీసరు బాబు కాడికెల్లి, బాబూ, ఎవుల్నన్నా పంపించండి, ఎతికించండి అన్నాను. ఏటన్నాడో తెలుసా? పడవొచ్చీసినాది, టీవీలో సూడు, నీ మొగుడే యెక్కడో తాగి పడున్నాడు, ఎల్లి ఆ సారా కొట్ల కాడ ఎతుక్కో అన్నాడు."

ఆమె ఊడిన ముడి బిగించి కట్టుకుంది.

"నా మొగుడు తాగడని నాన్సెప్పను. తాగుతాడు. ఇంటికొచ్చి తాగుతాడు. పడవలో నలుగురున్నారు. నలుగురూ తాగి పడిపోనారా? పడవని కూడా తాగీసినారా?"

నలుగురి ప్రాణాలు నీళ్ళ మీదున్నప్పుడు కుర్చీలో కూర్చుని అంత మాట అనగలిగిన మనిషిని ఏమనాలో, ఈ కథ చెబుతున్నవాడికి కూడా ఇప్పటికీ తట్టడం లేదు.

హిమజ నోరు దానంతటదే లేచింది. "ఆ పెట్టెలే అంత పిన్నీ. సరిగ్గా పనిచెయ్యవు. కబురు పంపకపోతే ప్రోగ్రాం మాత్రం ఏం చేస్తుంది? తెర మీద ఏదో ఒకటి చూపించాలి కదా."

ఎర్రమ్మ ఆమె వంక అలాగే చూసింది. ఆ చూపులో తిట్టు కూడా లేదు. తిట్టడానికి ఎదుటిమనిషి మీద కొంత నమ్మకం ఉండాలి.

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. "పదమ్మా," అన్నారు. ఎవరిని అన్నారో తెలియక ఇద్దరూ వెనకాల దిగారు.

కింద ఐస్ ఫ్యాక్టరీ వాకిట్లో పడవలు కట్టే తాడు చుట్ట ఒకటి పడుంది. మాస్టారు కాపలా ఆయన్ని అడిగి దాన్ని భుజానికి వేసుకున్నారు. తడి తాడు బరువుకి ఆయన ఒక పక్కకి ఒరిగి నడిచారు. హిమజ అందుకోబోతే ఇవ్వలేదు.

జెట్టీ మీద మంచి రద్దీ. బుట్టలు, ఐసు ముక్కలు, కేకలు. వాటన్నిటినీ దాటుకుని చివరిదాకా వెళ్ళారు. అక్కడ తుప్పు పట్టిన ఇనప గుంజ ఒకటుంది. దానికి అటూ ఇటూ రెండు పడవలున్నాయి. మధ్యలో ఒక పడవంత నీళ్ళు. దిబ్బలపాలెంలో వేటకెళ్ళిన పడవ చోటులో ఇంకో పడవని కట్టరు. వచ్చేదాకా ఆ చోటు దానిదే. నీళ్ళ మీద డీజిలు రంగులు తిరుగుతున్నాయి. థర్మకోల్ ముక్కలు గోడకి కొట్టుకుంటున్నాయి.

మాస్టారు తాడు దించి, ఒక కొస హిమజ చేతిలో పెట్టారు.

"కట్టు."

"దేన్ని మాస్టారూ?"

"బంగారమ్మ తల్లిని. గాలి లేస్తోంది. కట్టకపోతే కొట్టుకుపోతుంది."

చుట్టూ పనిచేసుకుంటున్నవాళ్ళు ఒక్కొక్కరే తలెత్తారు. వలలు మడుస్తున్న మగవాళ్ళు, గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు. హిమజ మొహం జేవురించింది. శాలువా కప్పినప్పుడు చప్పట్లు కొట్టిన మొహాలు ఆ గుంపులో ఎన్నో ఉన్నాయి.

"ఏమైనా అనాలంటే గదిలో అనొచ్చు కదా మాస్టారూ," అంది పళ్ళ మధ్యనుంచి. "ఇంతమందిలోనా?"

"ఇంతమందికీ కనపడేలానే రాశావు కదమ్మా," అన్నారు మాస్టారు. "ఇక్కడుందని."

ఆయన గొంతు హెచ్చలేదు. కానీ జారుతున్న తాడు కొసని మళ్ళీ ఆమె అరచేతిలోకి నొక్కారు. ఇన్నేళ్ళలో ఆయనకి కోపం రావడం ఆమె చూడలేదు.

ఆమెకీ వస్తోంది కోపం. ఆఫీసరు మీద వచ్చింది. పెట్టెలు కొన్నవాళ్ళ మీద వచ్చింది. అందరిముందూ తనని దోషిలా నిలబెట్టిన ఈ ముసలాయన మీద అన్నిటికన్నా ఎక్కువగా వచ్చింది. తాడు ఆయన కాళ్ళ దగ్గర విసిరికొట్టి వెళ్ళిపోదామనుకుంది. విసిరేదే, కానీ ఆ సమయానికి ఎర్రమ్మ కనపడింది.

ఎర్రమ్మ హిమజని చూడటం లేదు, మాస్టారినీ చూడటం లేదు. జెట్టీ అంచున వంగి నీళ్ళలోకి చూస్తోంది. పడవ అక్కడే ఉందేమో, తనకే కనపడటం లేదేమో అన్నట్టు చూస్తోంది. అంత చదువుకున్నవాళ్ళు రాశారు, అంత పెద్ద టీవీలో వేశారు, ఉండే ఉంటుంది, తన కళ్ళలోనే ఏదో లోపం ఉంది అన్నట్టు, కనురెప్ప వెయ్యకుండా ఆ ఖాళీ నీళ్ళని వెతుకుతోంది. సోమవారం నుంచీ ఆమె రోజూ ఇక్కడికి వస్తోందని, ఇలాగే చూస్తోందని అప్పుడు తట్టింది హిమజకి.

తాడు చేతిలోంచి జారిపోయింది. ఆమె గుంపుని తోసుకుంటూ పరుగెత్తింది.

గదిలోకి వచ్చి లాప్‌టాప్ ముందు కూలబడింది. ముందు ఆ వరుస తీసెయ్యాలి. తీసేస్తే బంగారమ్మ తల్లి పక్కన ఏమీ ఉండదు. ఉండకపోతే పోనీ. ఆఖరిసారి ఎక్కడినుంచి కబురొచ్చిందో అదైనా దొరికితే, వెతకడానికి వెళ్ళేవాళ్ళకి ఒక దిక్కు తెలుస్తుంది. పెట్టెలు పంపిన అసలు కబుర్లు తెరిచి, బంగారమ్మ తల్లి పేరుతో వెతికింది. ఆదివారంతో ఆగిపోయి ఉంటాయనుకుంది.

ఆగిపోలేదు.

సోమవారం కబుర్లున్నాయి. మంగళవారం ఉన్నాయి. నిన్నటివీ ఉన్నాయి. ఈ రోజు తెల్లవారుజామున వచ్చిన కబురు కూడా ఉంది. ప్రతి దాంట్లోనూ చోటు ఉంది, అక్షాంశం రేఖాంశం అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కటీ సగం కబురు కాదు. వేగం కూడా చెప్పింది పెట్టె. వేగం సున్నా.

హిమజ ఆ సున్నా వంక చూస్తూ ఉండిపోయింది.

అలల మీద మెల్లగా కొట్టుకుపోయే కదలిక ఆ పెట్టెకి లెక్కలోకి రాదు. ఇంజను ఆగిపోయిన పడవ ఇంకేం చెబుతుంది? నేనిక్కడున్నాను, కదలలేకపోతున్నాను అని చెప్పింది. నాలుగు రోజులుగా చెబుతూనే ఉంది. ఆమె ప్రోగ్రాం ప్రతి కబురునీ ఒకే ప్రశ్న అడిగింది: వేగం ఉందా? జావాస్క్రిప్ట్‌ని అలా మొరటుగా అడిగితే, రాని విలువకి లేదంటుంది, ఖాళీ విలువకి లేదంటుంది, సున్నాకి కూడా లేదనే అంటుంది. ఆమెకి ఈ సంగతి తెలియక కాదు. మొదటి నెలలోనే నేర్చుకుంది. తనకన్నా వెనక చేరినవాళ్ళకి నేర్పింది కూడా. వేగం సున్నా అని చెప్పిన పడవని, వేగమే చెప్పని పడవ కింద జమకట్టి, చెప్పిన చోటుని అవతల పారేసి, ఒడ్డున ఉందని రాసేసింది ప్రోగ్రాం. రాసిందెవరు? ప్రోగ్రాం కాదు.

ఆ రోజు జెట్టీ మీద ఈ తప్పు ఎందుకు దొరకలేదో కూడా తెలిసింది. కట్టేసిన పడవల వేగమూ సున్నాయే. అవి నిజంగా హార్బరులోనే ఉన్నాయి. తప్పు లెక్కకి ఒప్పు జవాబు వచ్చింది. ఒడ్డున నిలబడి పరీక్షించింది కాబట్టి ఒడ్డున ఉన్న పడవలే కనపడ్డాయి. సముద్రం మధ్యలో ఆగిపోయిన పడవ ఆమె ఊహలోకే రాలేదు. ఈ తెర పెట్టిందే అలాంటి పడవ కోసం.

మాస్టారు మెట్లెక్కి వచ్చారు. ఆమె లేవలేదు, తల తిప్పలేదు.

"పంపుతూనే ఉన్నారు మాస్టారూ," అంది. "అన్నీ వచ్చాయి."

మాస్టారు వంగి లాప్‌టాప్ మీది అంకెలు చూశారు. ఫోన్ తీసి హార్బరు ఆఫీసరుకి చేశారు. అవతల ఆయన ఏదో మొదలుపెట్టాడు. పొద్దున్నే ఆడవాళ్ళ గోల అనో, మీ అమ్మాయి ప్రోగ్రాం అనో.

"నలుగురు మనుషులండి," అన్నారు మాస్టారు. "కలం తీసుకోండి. అంకెలు చెబుతాను." చెప్పారు. "రాశారా? ఇప్పుడు నాకు చదివి వినిపించండి."

అవతలివాడు చదివాడు. ఒక అంకె తప్పు చదివితే మాస్టారు మళ్ళీ మొదటినుంచి చదివించారు. తీరరక్షణ దళానికి ఎవరు ఫోన్ చేస్తారో, ఎప్పుడు చేస్తారో ఆయన చేత చెప్పించుకునేదాకా ఫోన్ పెట్టలేదు. పెట్టాక కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. పెదాలు ఏదో పలుకుతున్నాయి. దువా చేస్తున్నారని హిమజకి తెలుసు. మలీదా పొట్లం బల్ల మీద తెరిచే ఉంది, చీమలు పట్టాయి.

హార్బరులో ఉన్న కుర్రకారు తీరరక్షణ దళం కోసం చూస్తూ కూర్చోలేదు. మాస్టారి దగ్గర ఆ అంకెలు తీసుకుని, సెల్లుల్లో వేసుకుని, డీజిలు పోసుకుని, రెండు పడవల మీద వెంటనే బయల్దేరారు.

హిమజ ఆ మధ్యాహ్నమంతా కూర్చుని తిరిగి రాసింది. ఈసారి పడవని ఉందా లేదా అని అడగలేదు. వేగం చెప్పావా? చెప్పి ఉంటే ఎంత చెప్పావు? సున్నా అని చెబితే, ఆగి ఉంది అని, ఎక్కడ ఆగిందో ఆ చోటు చూపించింది. అసలు చెప్పకపోతే, కబురు లేదు అని తెలుగులో రాసి, ఆఖరిసారి ఎక్కడినుంచి, ఎప్పుడు మాట్లాడిందో దాని కింద వేసింది. హార్బరు పేరు దానంతటదే వచ్చి కూర్చునే దారి ఎక్కడా ఉంచలేదు.

సాయంత్రానికి తెర నిండా కబురు లేదు, కబురు లేదు అని వచ్చింది. శుభ్రమైన తెర పాడైపోయింది. కబురే లేని ఇన్ని పడవలు ఇన్నాళ్ళూ ఒడ్డున ఉన్నట్టు కనపడ్డాయన్నమాట. షెడ్డులో ఆడవాళ్ళు తలెత్తి చూసి, ఒక్కసారిగా ఫోన్లు తీసి తమవాళ్ళకి చెయ్యడం మొదలుపెట్టారు. ఎక్కువమంది ఇంట్లోనే ఉన్నారు, కొంతమంది నిజంగానే వేటలో ఉన్నారు. ఏది ఏదో ఆ పూట తేల్చుకున్నారు.

ఆఫీసరు జీపు దిగి విసురుగా వచ్చాడు. "ఏంటిది? మళ్ళీ మొదలెట్టారా? జనం కంగారు పడుతున్నారు. పొద్దున ఒక పడవ గొడవ చాలదా?"

హిమజ ఆయనకి ఎదురుగా నిలబడింది. "కబురు రాని చోట రాలేదని రాశానండి."

"రాకపోతే? జనానికి అవన్నీ చెప్పాలా?"

"ఇంకెవరికి చెప్పాలండి?" హిమజ గొంతు షెడ్డంతా వినపడింది. "పొద్దున ఎర్రమ్మ పిన్ని మొగుడు తాగి పడున్నాడని మీరన్నారు. ఎక్కడున్నాడో మీకు తెలుసా? తెలియదు. నాకూ తెలియదు. తెలియకుండానే నేను రాశాను, తెలియకుండానే మీరన్నారు. ఆయన నాలుగు రోజుల్నుంచీ నడిసముద్రంలో ఉన్నాడు."

ఆఫీసరు చుట్టూ చూశాడు. గంపలు దించిన ఆడవాళ్ళంతా లేచి నిలబడి ఉన్నారు.

తెర కింద నేల మీద కూర్చున్న ఎర్రమ్మ లేవలేదు. "ఉండనియ్యి బాబూ ఆ మాట," అంది. "నేదంటే ఎతుక్కుంటాం. ఒడ్డునున్నాదంటే ఎవుడెతుకుతాడు?"

ఆఫీసరు జీపెక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం దాటాక బంగారమ్మ తల్లిని కుర్రాళ్ళు తమ పడవకి కట్టుకుని లాక్కొచ్చారు. కబుర్లలో ఉన్న చోటుకి కాస్త దక్షిణంగా కొట్టుకుపోయి దొరికిందట. నలుగురూ బతికే ఉన్నారు. ఒకణ్ణి చేతుల మీద మోసుకుని వచ్చి అంబులెన్సులో పడుకోబెట్టారు. మిగిలినవాళ్ళు నడిచారు. పెదాలు చీలి, మొహాలు మాడిపోయి, ఎండకి కళ్ళు తెరవలేకపోతున్నారు.

పోలయ్యని వేలం షెడ్డు నీడలో కూర్చోబెట్టారు. ఎర్రమ్మ గిన్నెలో గంజి తెచ్చి ఒక్కొక్క గుక్కే తాగిస్తోంది. ఎక్కువ తాగించకూడదని డాక్టరు చెప్పాడు. ఆమె ఏడవడం లేదు. మొగుడి మెడ మీద ఉప్పు పేరుకుపోయి ఉంటే చీర చెంగుతో తుడుస్తోంది, మళ్ళీ తుడుస్తోంది.

హిమజ దూరంగా నిలబడింది. మాస్టారు ఆమె పక్కనే ఉన్నారు, వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చాలాసేపటికి ఆమే వెళ్ళి పోలయ్య ముందు కింద కూర్చుంది. మాస్టారు వెనకాలే వచ్చి నిలబడ్డారు.

"బాబాయ్, నేను హిమజని. ఆ తెర ప్రోగ్రాం రాసింది నేనే."

పోలయ్య కళ్ళు చికిలించి ఆమెని చూశాడు. కోపమేమీ లేదు ఆ మొహంలో. నిజంగా తెలుసుకోవాలని ఉన్న మనిషిలా అడిగాడు.

"ఆ పెట్టిలో పచ్చదీపం ఎలుగుతానే ఉన్నాదమ్మా. రాతిరీ పగలూ ఎలుగుతానే ఉన్నాది. ఒడ్డుకి తెలుస్తన్నాది, వొచ్చేత్తారు అనుకున్నాం. బేటరీ సాలదని దీపాలార్పీసినాం. వొయర్లెస్సు కూడా కట్టీసినాం. ఉన్న బేటరీ అంతా దానికే ఉంచీసినాం. మరి కబురెల్లలేదేటమ్మా?"

గంజి గిన్నె పట్టుకున్న ఎర్రమ్మ చెయ్యి ఆగింది.

"వెళ్ళింది బాబాయ్," అంది హిమజ. "మీరు పంపినవన్నీ అందాయి. ఒక్కటీ పోలేదు. నేనే వాటిని పక్కన పడేశాను."

పోలయ్య వింటున్నాడు. అర్థమైందో లేదో తెలియలేదు. పరవాలేదమ్మా అనలేదు. తిట్టనూ లేదు. చీలిన పెదాలు కొద్దిగా తెరుచుకుని, అలాగే ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. షెడ్డులో అందరూ వింటున్నారు.

హిమజ ఆ మౌనాన్ని భరించలేకపోయింది. పెట్టెలు నాసిరకానివి బాబాయ్, ఆఫీసరు ఒత్తిడి చేశాడు, జెట్టీ మీద పరీక్షించాను కూడా, ఆ వేళ మాస్టారు ఊళ్ళో లేరు. ఎన్నో మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ గొంతులోకి వచ్చాయి. ఆమె నోరు తెరిచింది.

మాస్టారు వంగి ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

"ఆ ఖాళీలో ఏమీ పెట్టకమ్మా," అన్నారు.